టికెట్టు కొని సొంతూరెళ్ళే మనిషి

మా అపార్ట్‌మెంటులో ఎవరైనా పోతే గేటు పక్కన నల్లబోర్డు మీద సెక్రటరీ గారు స్వయంగా రాస్తారు. పేరు, ఫ్లాటు నంబరు, వయసు, అంతిమయాత్ర ఎన్నింటికి, ఆఖరున స్వగ్రామం. వాట్సాప్ గ్రూపు వచ్చి ఇన్నేళ్ళయినా ఆ బోర్డు మాత్రం ఆయన వదల్లేదు. మొన్న బుధవారం పొద్దున నేను పాలపాకెట్ల కోసం కిందికి దిగేసరికి అయిదు గడులూ నిండి ఉన్నాయి. పాకెట్లు తీసుకుని వెనక్కి తిరిగేసరికి అయిదో గడి తడిగుడ్డతో తుడిచేసి ఉంది.

పోయినాయన మా పై ఫ్లాటులో ఇరవై రెండేళ్ళు ఉన్న మనిషి. పేరు రాయను. రాస్తే అందులో అచ్చుతప్పు పడుతుందని భయం, దిద్దడానికి ఇప్పుడాయన లేరు. మంగళవారం సాయంత్రం టీ తాగుతూ కుర్చీలోనే పోయారు. పెళ్ళి చేసుకోలేదు. అంబర్‌పేట నుంచి చిన్నాన్న కొడుకు వచ్చాడు. ఆయనకీ అరవై దాటాయి. సెక్రటరీ గారు పరామర్శించి, అలవాటు కొద్దీ అడిగారు.

“మీదే ఊరండీ?”

“అంబర్‌పేట.”

“అది సరేనండీ, అసలు ఊరు?”

“అసలుదీ అంబర్‌పేటేనండీ. అంతకుముందు చిక్కడపల్లి. ఇక్కడే పుట్టాం, అన్నయ్యా నేనూ.”

సెక్రటరీ గారు తడిగుడ్డ తీసుకున్నది అప్పుడే. తుడిచేసి, తిన్నగా నా దగ్గరికి వచ్చారు. ఆయన కృష్ణా జిల్లా మనిషి, ఇంజనీరుగా రిటైరయ్యారు, ఏ విషయమైనా కొలతలు కుదిరితే తప్ప నమ్మరు. “టీచర్ గారూ, అన్నదమ్ముల పిల్లలు కదా. తమ్ముడికి లేని ఊరు అన్నకి ఎక్కడి నుంచి వచ్చిందండీ? చచ్చిపోయిన మనిషి గురించి బోర్డు మీద అబద్ధం రాయించకండి నా చేత. మీకు తెలుసని నాకు అనుమానం.”

నాకు తెలుసు. ఎవరికీ చెప్పనని మాటిచ్చి ఆరేళ్ళయింది. “పదకొండింటి దాకా ఆగండి” అన్నాను. పదకొండింటికి ఏం జరుగుతుందో నాకే తెలియదు. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాను.

ఆయన పని ప్రూఫులు దిద్దడం. అశోక్‌నగర్‌లో గ్రూపు పరీక్షలకి చదివే పిల్లల చంకల్లో కనబడే లావుపాటి గైడ్లలో సగం ఆయన చేతుల మీదుగా వచ్చినవే. దేని మీదా ఆయన పేరుండదు. మా బిల్డింగులో అందరికీ ఆయన మాష్టారు. చెవి మీద ఎర్రపెన్ను ఎప్పుడూ ఉండేది, పడుకునేటప్పుడు తీసేవారో లేదో నాకు తెలియదు. పెళ్ళిపత్రిక ఇస్తే ఆశీర్వదించే ముందు రెండు తప్పులు దిద్ది తిరిగిచ్చేవారు. ముప్పై ఏళ్ళు బిట్లు దిద్ది దిద్ది మాట కూడా బిట్లలాగే వచ్చేది. టిఫిన్ సెంటర్లో సర్వరు ఏం కావాలని అడిగితే “ఎ ఇడ్లీ, బి వడ, సి పై రెండూ. జవాబు సి” అనేవారు. లిఫ్టు ఆగిపోతే మెట్లెక్కుతూ “కారణం ఎ, కరెంటు లేదు. బి, కరెంటు ఉంది గానీ సెక్రటరీ గారు ఊళ్ళో లేరు” అనేవారు. ఏ మాటకైనా నాలుగు జవాబులు చెప్పే మనిషితో పోట్లాడటం కష్టం. నేను ప్రయత్నించాను.

అలాంటి మనిషి దగ్గర జవాబు లేని ప్రశ్న ఒకటే. “మీదే ఊరు?”

హైదరాబాదులో ఈ ప్రశ్న అడగని మనిషి ఉండడు. ఆటో ఎక్కితే అడుగుతారు, ఇల్లు కిరాయికి ఇచ్చే ముందు అడుగుతారు, ఆసుపత్రిలో పక్కమంచం వాళ్ళు అడుగుతారు. ఆయన “చిక్కడపల్లి” అనేవారు. మా కోస్తా వాళ్ళు నవ్వి “అది కాదండీ, అసలు ఊరు” అనేవారు. హాస్టలు పిల్లలు మరీ మర్యాదగా “గట్ల కాదు సార్, మీ ఊరు, ఊరు” అనేవారు. ఆయన తండ్రి యాభై ఆరులో ఆఫీసుతో పాటు కర్నూలు నుంచి ఫైళ్ళ మధ్య కూర్చుని వచ్చేసినాయన. తాతగారు బదిలీల మీద తిరిగిన బడిపంతులు. ఏ ఊళ్ళోనూ మూడేళ్ళు నిలవలేదు, ఇల్లు కట్టలేదు, గజం పొలం కొనలేదు. చుట్టూ ఉన్నవాళ్ళకి ఊరుంది, ఊళ్ళో తగాదా ఉంది, తగాదాలో ఒక గట్టు ఉంది. ఈయనకి చిక్కడపల్లిలో అద్దె ఇల్లుండేది, తర్వాత అక్కడే మా బిల్డింగులో ఫ్లాటు వచ్చింది. అంతే.

ఒక దసరాకి బిల్డింగంతా ఖాళీ అవుతుంటే పాలబ్బాయి అడిగాడట, “సార్, మీరు ఊరికి పోతలేరా?” అని. ఆయనకి ఏం తోచిందో, “పోతున్నా. రేపు పాకెట్టు వద్దు” అనేశారు. అన్నాక వెళ్ళకపోతే బాగుండదు కదా. మర్నాడు పొద్దున సంచీ పట్టుకుని దిగారు. సెక్రటరీ గారు గేటు దాకా వచ్చి “జాగ్రత్తగా వెళ్ళి రండి, ఊళ్ళో అందర్నీ అడిగానని చెప్పండి” అన్నారు. సాయంత్రం తిరిగొచ్చారు. “అప్పుడే వచ్చేశారేం?” అంటే “దగ్గరేనండీ, ఔటర్ రింగు రోడ్డు దాటి కొంచెం లోపలికి” అన్నారు. అందరూ కుళ్ళుకున్నారు. మేమందరం పన్నెండు గంటలు ప్రయాణం చేసి నడుం విరిగి వస్తుంటే, పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేసే ఊరు ఎవరికి దొరుకుతుంది?

అప్పటి నుంచి నెలకోసారి ఊరు. వచ్చేటప్పుడు ఇంటింటికీ ఏదో ఒకటి తెచ్చేవారు. మట్టిముంత, రాగిపిండి, ఎక్కువగా గోంగూర. “మా ఊరి గోంగూర, మట్టి కూడా దులపలేదు” అనేవారు గర్వంగా. ఒకసారి నారాయణగూడ మార్కెట్లో నేను వంకాయలు ఏరుకుంటుంటే అవతలి బండి దగ్గర ఆయన గోంగూర కట్టలు కొంటూ కనిపించారు. మంచి కట్టలు వదిలేసి మట్టి ఎక్కువ ఉన్నవి ఏరుతున్నారు. ఆ సాయంత్రం రెండు కట్టలు నాకే వచ్చాయి. ఊరి నుంచి తెచ్చింది అందరికీ చాలలేదేమో పాపం అనుకున్నాను. మట్టిముంత అడుగున సగం గీకిన ధర స్టిక్కరు కనిపించినప్పుడు కూడా మంచిగానే అనుకున్నాను. సోషల్ టీచర్ని, ఆధారాలు చూసి నిర్ణయానికి రావాలని పిల్లలకి రోజూ చెప్పేదాన్ని. నా తెలివి అంత వరకే.

ఆరేళ్ళ కిందట మా స్కూలు వాళ్ళు ఎనిమిదో తరగతిని పల్లె మ్యూజియానికి పంపించారు. ఔటర్ రింగు రోడ్డు దాటాక పెద్ద ఆవరణ. అందులో వరసగా డజను మట్టిళ్ళు. కుమ్మరి ఇల్లు, సాలె ఇల్లు, కమ్మరి కొలిమి, గానుగ, మోటబావి. ప్రతి ఇంట్లోనూ నిలువెత్తు సిమెంటు మనుషులు పనులు చేస్తూ ఉంటారు. గేటు దగ్గర టికెట్లు, పక్కనే ఒక దుకాణం. దుకాణంలో మట్టిముంతలు, రాగిపిండి. అప్పుడు కూడా నాకేమీ తట్టలేదు.

ఏడో నంబరు ముందు ‘రైతు ఇల్లు’ అని బోర్డుంది. అరుగు మీద ఒక సిమెంటు రైతు తాడు పేనుతున్నాడు. అతని పక్కన ఇంకో రైతు. పంచె, బనీను, తలకి తువ్వాలు. చేతిలో మజ్జిగ ముంత మూతి దాకా వచ్చి ఆగిపోయి ఉంది. చూపు నా మీదే ఉంది. రెప్ప పడటం లేదు.

“మేడం, ఈ బొమ్మకి కళ్ళజోడుంది!” అని ఒకడు అరిచాడు.

“చేతికి వాచీ కూడా ఉంది మేడం!”

బుద్ధిమంతురాలైన ఒక పిల్ల అప్పటికే నోటుబుక్కులో రాసేస్తోంది, ‘పూర్వకాలపు రైతులు కళ్ళజోడు, చేతిగడియారం ధరించేవారు’ అని. ఇంకో పిల్ల దగ్గరికెళ్ళి చూసి “మేడం, బొమ్మకి చెమటొస్తున్నది” అంది. ఇంతలో ఈగ ఒకటి వచ్చి ఆయన ముక్కు మీద వాలింది. ముక్కు కొంచెం కదిలింది. నాకు నవ్వు పొట్టలో నుంచి తన్నుకొస్తోంది. పెదవి కొరుక్కుని, టీచరు గొంతు తెచ్చుకుని, “అది కొత్తరకం బొమ్మ. ముట్టుకోవద్దని బోర్డుంది కదా? లైన్లో కుమ్మరి ఇంటికి పదండి” అన్నాను. పోతూ పోతూ ఒకడు బుగ్గ గిల్లి మరీ పోయాడు. ఆయన చలించలేదు. ఆ నిష్ఠని మెచ్చుకోవాలి.

“మాష్టారూ, పిల్లలు వెళ్ళిపోయారు. ఊపిరి తీసుకోండి.”

ఆయన ముందు మజ్జిగ తాగారు. తరవాత మూతి తుడుచుకుని, “ఎలా గుర్తుపట్టారు? ఎ, కళ్ళజోడు. బి, వాచీ” అన్నారు.

“సి. చెవి మీద ఎర్రపెన్ను.”

చెవి తడుముకుని తల వంచుకున్నారు. అప్పుడు చెప్పారు అన్నీ. ఆ మొదటి దసరా రోజు నారాయణగూడ బస్‌స్టాపులో సంచీతో నిలబడి, ఎక్కడికెళ్ళాలో తెలియక, ఆగిన బస్సు వెనక ‘మన పల్లెకు రండి’ అనే ప్రకటన చూసి ఎక్కేశారట. వచ్చి ఈ అరుగు మీద కూర్చున్నారట. “ఎవరూ ఏ ఊరని అడగలేదండీ. ఊళ్ళోనే ఉన్నాను కదా, ఎవరడుగుతారు? సొంతూరికి టికెట్టు కొనుక్కుని వెళ్ళేవాణ్ణి దేశం మొత్తం మీద నేనొక్కణ్ణే అయ్యుంటాను.” నవ్వుతూనే అన్నారు. ఆ వెంటనే రెండు చేతులూ పట్టుకున్నంత పని చేశారు. “టీచర్ గారూ, బిల్డింగులో చెప్పకండి. ఇది తెలిస్తే నేను మళ్ళీ ఊరు లేనివాణ్ణయిపోతాను. ఈ వయసులో మళ్ళీ చిక్కడపల్లి అని చెప్పుకోలేనండీ.”

అప్పటి దాకా నవ్వాపుకుంటున్న నాకు కళ్ళు తడిశాయి. మాటిచ్చాను.

మాట దొరికాక ఆయన ఎంత మారిపోయారో! ఊరి పెద్దలాగా లేచి కండువా భుజాన వేసుకుని నన్ను ఊరంతా తిప్పారు. “ఈయన కమ్మరి, మనిషి మంచివాడే గానీ పని తెమల్చడు, ఇన్నేళ్ళయినా ఆ కొడవలి పూర్తి చెయ్యలేదు.” సాలె ఇంటి బోర్డు మీద రెండు తప్పులు ఎర్రపెన్నుతో దిద్ది ఉన్నాయి. నాగలి దగ్గర ఆగి, “ఎద్దుల మెడ మీద వేసే కర్ర. ఎ, మేడి. బి, కాడి. సి, కర్రు” అన్నారు. నేను మేడి అన్నాను. “సోషల్ టీచరు!” అని జాలిగా తల ఊపారు. వ్యవసాయాధికారి పరీక్ష గైడు మూడుసార్లు దిద్దిన మనిషి ముందు నేనెంత?

అప్పుడే వెనక నుంచి ఒక గొంతు వినబడింది. “ఏంది సారూ, మళ్ల అరుగెక్కినవ్ గదా? ఆఫీసర్ జూస్తె నా నౌకరి పోతది.” చేతిలో పేడబుట్టతో వచ్చిన ఆమె మల్లక్క. మ్యూజియంలో ఇళ్ళకి అలుకు పూసి ముగ్గులేసే మనిషి. ఊరు అక్కడికి రెండు కిలోమీటర్లు. మజ్జిగ ఆమె తెచ్చిందే. ఆయన కోస్తా మాట తీసి పక్కనబెట్టి, “దిగిన మల్లక్క, దిగిన. మా బిల్డింగ్ టీచరమ్మ వచ్చింది, నాగలి జూపిస్తున్న” అన్నారు. రెండు యాసలూ తప్పుల్లేకుండా మాట్లాడేవారు. అందుకే ఇటు వాళ్ళు అటువాడనీ, అటు వాళ్ళు ఇటువాడనీ అనుకునేవారు.

“నాగలి జూపిస్తవు. ఎన్నడన్న బురదల కాలు పెట్టినవా?”

“పెట్టలే. గని దాని మీద పది మార్కుల ప్రశ్న దిద్దిన.”

మల్లక్క పేడబుట్ట కింద పెట్టి మరీ నవ్వింది. నా ఫోను నంబరు తీసుకుంది. సారు ఒక్కడే ఉంటాడు కదా, ఎప్పుడైనా కనబడకపోతే ఎవరిని అడగాలి అంది.

ఆ తరవాతి ఏడాది కార్తీక మాసంలో ముప్పు వచ్చింది. అసోసియేషన్ మీటింగులో సెక్రటరీ గారు లేచి, ఈసారి వనభోజనాలు పార్కులో వద్దు, ఇంత దగ్గర్లో మనవాళ్ళ ఊరు పెట్టుకుని పార్కేమిటి, మాష్టారి ఊరికి బస్సు పెడదాం అన్నారు. చప్పట్లు. నలభై మంది పేర్లిచ్చేశారు. మాష్టారు కూడా చప్పట్లు కొట్టారు, ఏం చెయ్యాలో తోచక. మీటింగు అయిన పది నిమిషాలకి మా గుమ్మంలో ఉన్నారు.

“ఎ, నిజం చెప్పెయ్యడం. బి, జ్వరం. సి, ఊరు రిజర్వాయర్లో మునిగిపోయిందని చెప్పడం. డి, పైవేవీ కావు.”

“మునిగిపోతే మొన్నటి గోంగూర ఎక్కడిదంటారు?”

కుర్చీలో కూలబడ్డారు. “అంతేలెండి. ఎ. రేపు పొద్దున బోర్డు మీద నేనే రాసేస్తాను. పదిహేడేళ్ళు ఒక బిల్డింగులో ఉండి అందరి ముందూ ఇలా...” చెవి మీది ఎర్రపెన్ను తీసి జేబులో పెట్టుకున్నారు. నాకు బాధ, బాధతో పాటు కోపం. ఏ ఊరు ఏ ఊరని మనిషిని తరిమి తరిమి అడిగేవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆయన మా పైకి వచ్చిన మొదటి రోజు నేను అడిగిన మొదటి మాట అదే.

మర్నాడు ఇద్దరం మ్యూజియానికి వెళ్ళాం. మల్లక్క పదో నంబరు ఇంటికి అలుకు పూస్తోంది. అంతా విని, చెయ్యాపకుండానే అంది, “దీనికి గింత పరేషాన్ ఎందుకు? మా ఊరికి తీస్కరా వాళ్లను. మా చింతతోపుంది, బోరుంది. ఒక్క దినం మా ఊరు నీ ఊరైతె మాకేం తక్కువైతది?”

“అబద్ధం గదా మల్లక్క.”

“వచ్చినోళ్లకు కడుపునిండ బువ్వ వెట్టుడు అబద్ధమైతదా? జరుగు సారూ, అలుకు తొక్కుతున్నవ్.”

ఆ ఆదివారం బస్సు దిగేసరికి మల్లక్క ఊరంతా చెప్పి పెట్టినట్టుంది. ముసలీ ముతకా రోడ్డు మీదే ఉన్నారు. “మా సారొచ్చిండు, మా సారొచ్చిండు!” అని ఒకటే హడావుడి. వనభోజనానికి ఉసిరిచెట్టు ఉండాలని మల్లక్కకి నేనే చెప్పాను. వాళ్ళ తోపులో ఉసిరి లేదు. ఎక్కడి నుంచో పెద్ద కొమ్మ కొట్టుకొచ్చి చింతచెట్టుకి తాడుతో కట్టారు. సెక్రటరీ గారు పైకి చూసి, “చింతచెట్టుకి ఉసిరికాయలు!” అన్నారు. “మా భూమి గట్లాంటిది” అన్నాడు ముత్తయ్య అనే ముసలాయన, తొణక్కుండా.

భోజనాలయ్యాయి. సెక్రటరీ గారు తాంబూలం నములుతూ ముత్తయ్యని పట్టుకున్నారు. “మీ మాష్టారు చిన్నప్పుడు ఎలా ఉండేవారండీ?”

మాష్టారు విస్తరి వైపు చూస్తున్నారు. ముత్తయ్య మాత్రం కండువా సర్దుకుని లేచాడు.

“అబ్బో, శానా తుంటరి. గీ చింతచెట్టెక్కి కింద వడ్డడు. మోకాలు చీరుకపోయింది. నేనే పసుపు వెట్టి కట్టిన.”

“చింతచెట్టెక్కడిది?” అని ఎల్లవ్వ అనే ముసలామె అడ్డు తగిలింది. “గా యాపచెట్టు మీదికెళ్లి వడ్డడు. పసుపు వెట్టింది మా అత్త. నువ్వు గప్పుడు గొర్ల కాడికి వోయినవ్.”

“నువ్వు కాపురానికొచ్చిందే అటెనుక! నీకేమెరుక?”

ఇద్దరూ మామూలుగా పోట్లాడుకోలేదు. ఒకరు చెట్టు కొమ్మ చూపిస్తారు, ఇంకొకరు రక్తం కారిన చోటు చూపిస్తారు. చుట్టూ ఉన్నవాళ్ళు రెండు పక్షాలయ్యారు. సెక్రటరీ గారు ఇంజనీరు కదా, కొలతకి దిగారు. “మాష్టారూ, ఏదీ ఆ మోకాలు?” అన్నారు. అయిపోయిందనుకున్నాను. మాష్టారు నెమ్మదిగా పంచె పైకి లాగారు. కుడి మోకాలి మీద జానెడు మచ్చ! ముత్తయ్య నన్ను చూసి కళ్ళు పెద్దవి చేశాడు.

తిరుగు బస్సులో నా పక్కన కూర్చుని చెవిలో చెప్పారు. “పదేళ్ళప్పుడు నారాయణగూడ చౌరస్తాలో సైకిలు మీంచి పడ్డానండీ. యాభై ఏళ్ళుగా ఇది సైకిలు మచ్చ. ఇవాళ్టి నుంచి చింతచెట్టుది.” మోకాలు తడుముకుని, “లేదా వేపచెట్టుది. జవాబు ఇంకా తేలలేదు” అన్నారు. బస్సు దిగాక కొంచెం కుంటుతూ నడిచారు కూడా.

ఆ తరవాత ఒక విచిత్రం గమనించాను. ఆయన ఊరి గురించి మాట్లాడటం మానేశారు. వెళ్ళడం మాత్రం ఎక్కువైంది. మ్యూజియంలో అరగంట కూర్చుని, అక్కడి నుంచి మల్లక్క ఊరికి నడిచిపోయి, పింఛన్ల దరఖాస్తులు, బడి కాగితాలు దిద్దిపెట్టేవారు. ఊళ్ళో ఎవరికి జబ్బు చేసినా నగరంలో ఆసుపత్రికి ఈయన ఉండాల్సిందే. గోంగూర కూడా నిజంగా ఆ ఊరిదే తెచ్చేవారు. ఆకులకి అన్నీ చిల్లులు. నారాయణగూడదే బాగుండేదని మా బిల్డింగు మొత్తం నా దగ్గర గొణిగింది. నేనెవరికీ ఏమీ చెప్పలేదు.

మంగళవారం సాయంత్రం ఆయన పోయారని తెలియగానే మల్లక్కకి ఫోను చేశాను. “ఎన్నింటికి లేపుతరు?” అంది. పన్నెండింటికన్నాను. పెట్టేసింది.

బుధవారం పదకొండు కావస్తుండగా మా సందులో డప్పు వినబడింది. చిక్కడపల్లిలో డప్పు వింత కాదు గానీ ఇది మా గేటు ముందే ఆగింది. బాల్కనీలోంచి చూస్తే ట్రాలీ ఆటో. అందులోంచి పద్నాలుగు మంది దిగుతున్నారు. ముత్తయ్యని మల్లక్కా ఇంకొకరూ పట్టుకుని దింపారు.

“ఎవరింటికి?” అని వాచ్‌మన్ అడిగాడు.

“మా ఊరోడు వోయిండు. ఏ అంతస్తు?”

రిజిస్టర్లో రాయందే ఎవర్నీ పోనివ్వకూడదని సెక్రటరీ గారి ఆర్డరు. చావింటికి వచ్చినవాళ్ళ చేత కూడా రాయించాడు మహానుభావుడు. పేరు, ఫ్లాటు నంబరు, ఎక్కడి నుంచి. నేను కిందికి దిగేసరికి సెక్రటరీ గారు రిజిస్టరు మీదికి వంగి చూస్తున్నారు. పద్నాలుగు వరసలు. కొన్ని సంతకాలు, కొన్ని వేలిముద్రలు. ‘ఎక్కడి నుంచి’ అనే చోట పద్నాలుగుసార్లూ ఒకటే ఊరు. ఆ పేరు ఇక్కడ రాయను. రాస్తే వచ్చే కార్తీకానికి మీరంతా బస్సులు మాట్లాడుకుంటారు.

సెక్రటరీ గారు రిజిస్టరు నుంచి తలెత్తి ముత్తయ్యని అడిగారు. “మీరు ఆయనకేమవుతారండీ?”

“ఏమైతననేందయ్యా? మా ఊరోడు. నా కండ్ల ముంగట చింతచెట్టు మీదికెళ్లి వడ్డడు.” ముత్తయ్య బొటబొటా ఏడుస్తున్నాడు.

“యాపచెట్టు” అంది ఎల్లవ్వ. ఆమె అంతకన్నా ఎక్కువ ఏడుస్తోంది.

“చింతచెట్టే! నేను పసుపు వెట్టలేదా?”

“మా అత్త వెట్టింది!”

ఎవరి కోసం అల్లిన మాటో అది ఎప్పుడో మరిచిపోయారు. ఇద్దరికీ ఆ పిల్లవాడు కళ్ళ ముందు కనబడుతున్నాడు, కింద పడుతున్నాడు, మోకాలు చీరుకుపోతోంది. నాకు ఏడుపు ఆగలేదు. అందరి ముందూ ఏడ్చాను. సెక్రటరీ గారు జేబులోంచి చాక్‌పీసు తీసి, బోర్డు దగ్గరికి వెళ్ళి, తుడిచిన గడిలో ఊరి పేరు మళ్ళీ రాశారు. ఈసారి అక్షరాలు పెద్దవి. నా వైపు చూసి, “కొలత కుదిరిందండీ” అన్నారు.

ఇదంతా అర్థంకాక మెట్ల దగ్గర నిలబడిపోయినవాడు అంబర్‌పేట తమ్ముడు. సారు తమ్ముడని నేను చూపిస్తే ముత్తయ్య వెళ్ళి అతని భుజం పట్టుకున్నాడు.

“నువ్వు సారు తమ్మునివా? మరి ఇన్నేండ్లు ఊరికెందుకు రాలేదు?” అని కోప్పడ్డాడు.

“మాది అంబర్‌పేట అండీ...” అని నీళ్ళు నమిలాడు తమ్ముడు.

“అంబర్‌పేట నువ్వుండేది. అన్నదేవూరో తమ్మునిదీ గదే ఊరు గదా. దసరాకు రావాలె. వస్తవా లేదా?”

తమ్ముడు తల ఊపాడు. డప్పు మొదలైంది. పాడె లేపే ముందు అతను నా పక్కకి వచ్చి, చుట్టూ ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించి అడిగాడు.

“టీచర్ గారూ, ఔటర్ దాటాక ఇంకెంత దూరమండీ మా ఊరు?”